పథ్యముగా పుట్టిన బర్గరు

ఒక ఆహారము మంచిదా, చెడ్డదా అని అడిగినచో పోషణశాస్త్రము తెలిసినవారు వెంటనే సమాధానము చెప్పరు. ఎంత తినుచున్నారు? ఎవరు తినుచున్నారు? ఎట్లు వండినారు? దేనితో కలిపి తినుచున్నారు? అని తిరిగి ప్రశ్నింతురు. ఈ నాలుగు ప్రశ్నల విలువ తెలియవలెనన్నచో బర్గరు చరిత్రను చూడవలెను. సుమారు నూటముప్పది సంవత్సరముల కాలములో ఈ తిండిని ఒక వైద్యుడు మందుగా ఇచ్చెను. ప్రజలు అపరిశుభ్రమని అసహ్యించుకొనిరి. వ్యాపారులు సంపూర్ణాహారమని చాటిరి. తరువాతి తరపు వైద్యులు గుండెజబ్బులకు, స్థూలకాయమునకు కారణములలో ఒకటిగా దానిని పేర్కొనిరి. ఇంతలో దానిలోని ముఖ్యపదార్థములు మాత్రము మారలేదు. అవే రొట్టె, అదే మాంసము. అట్లయినచో మారినదేమి?

గుండ్రని మెత్తని గోధుమరొట్టెను అడ్డముగా కోసి, ఆ రెండు ముక్కల నడుమ పెనముపై కాల్చిన కైమాబిళ్లను ఉంచినచో బర్గరు అగును. పూర్తి పేరు హాంబర్గరు. జర్మనీలోని హాంబర్గు రేవుపట్టణమును బట్టి ఈ పేరు వచ్చినది. అచ్చటినుండి అమెరికాకు వలస వెళ్లినవారితోపాటు ఎద్దుమాంసపు కైమాతో చేయు వంటకము, దాని పేరు కూడ సముద్రము దాటినవి. ఆ కైమాను రొట్టెముక్కల నడుమ మొదట పెట్టినవారెవరని అమెరికాలోని పలు ఊళ్లు నేటికిని వాదులాడుకొనుచున్నవి. ఆ తగవుతో మనకు పనిలేదు.

వైద్యుడు ఇచ్చిన కైమా

అమెరికా అంతర్యుద్ధకాలములో తూటాలకంటె విరేచనములవలన, జ్వరములవలన చనిపోయిన సైనికులే ఎక్కువ. ఆ రోజులలో జేమ్స్ సాలిస్‌బరీ అను వైద్యుడు రోగములకు మూలము ఆహారములోనే ఉన్నదని నమ్మెను. ఒకే పదార్థమును కొన్నాళ్లపాటు తినుచు దాని ఫలితములను గమనించుట ఆయన పద్ధతి. 1888లో ఆహారమునకు, రోగమునకు గల సంబంధమును గురించి ఆయన ఒక గ్రంథమును ప్రకటించెను. క్రొవ్వు, నరములు తీసివేసి మెత్తగా చేసిన ఎద్దుమాంసమును బిళ్లలుగా కాల్చి దినమునకు మూడుసార్లు తినవలెననియు, భోజనమునకు ముందు వేడినీరు త్రాగవలెననియు ఆయన బోధించెను. పిండిపదార్థములు, కూరగాయలు కడుపులో పులిసి విషమగునని ఆయన భయము. ఈ పథ్యపు బిళ్ల నేటికిని ఆయన పేరుతోనే అమెరికా భోజనశాలలలో దొరకుచున్నది.

ఆయన సిద్ధాంతములో పాలు, నీళ్లు కలిసియే ఉన్నవి. మాంసమును ముక్కలు చేసినచో నమలుట సులభమగును. అందులోని మాంసకృత్తులు శ్రేష్ఠమైనవి. రక్తమునకు కావలసిన ఇనుము శరీరము సులభముగా గ్రహించు రూపములో ఉండును. మొక్కలలో దొరకని విటమిన్ బి12 కూడ ఉండును. ఇంతవరకు పాలు. కూరగాయలు, ధాన్యములు విషములనుట మాత్రము నీళ్లే. పీచుపదార్థము లేని భోజనము ప్రేగులకు మేలు చేయదని నేడు మనకు తెలియును. ఒక పదార్థమునందు మంచిని చూచి, అదియే చాలుననుకొనుట సాలిస్‌బరీ చేసిన పొరపాటు. ఈ పొరపాటు మన కథలో మరల మరల కానవచ్చును.

అనుమానపు కాలము

1906లో అప్టన్ సింక్లెయిర్ వ్రాసిన 'ది జంగిల్' అను నవల షికాగో కబేళాలలోని అపరిశుభ్రతను కన్నులకు కట్టించెను. రచయిత కార్మికుల కష్టములను చూపదలచెను. చదువరులకు మాత్రము తమ కంచములోని మాంసము కనబడెను. ఆ సంవత్సరము జూన్ నెలలోనే మాంసపరీక్షా చట్టము, శుద్ధాహార ఔషధ చట్టము అను రెండింటిపై అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు సంతకము చేసెను.

చట్టము వచ్చినను కైమాపై అనుమానము పోలేదు. అందుకు కారణము కలదు. మాంసఖండమును చూచినచో దాని రంగు, వాసన, తాజాదనము తెలియును. కైమాగా కొట్టిన తరువాత అందులో ఏమి కలిసినదో చెప్పుట కష్టము. పాతబడిన ముక్కలు, క్రొవ్వు, తినరాని భాగములు అన్నియు అందులో ఇమిడిపోవును.

ఈ అనుమానమును పోగొట్టుటయే వ్యాపారముగా చేసికొన్నవారు కాన్సాస్ రాష్ట్రములోని విచిటా పట్టణమునకు చెందిన వాల్టర్ ఆండర్సన్, బిల్లీ ఇంగ్రాము. 1921లో వారు 'వైట్ కాసిల్' అను పేరుతో దుకాణములు తెరచిరి. పేరులోనే తెలుపు, గోడలు తెలుపు, వంటవారి దుస్తులు తెలుపు. వచ్చినవారి యెదుటనే కైమాను కాల్చి, ఉల్లిపాయలతో కలిపి, చిన్న రొట్టెలో పెట్టి అయిదు సెంట్లకు అమ్మిరి.

పదుమూడు వారముల పరీక్ష

శుభ్రమైనదని ఒప్పించిన తరువాత, పుష్టినిచ్చునదని కూడ ఒప్పించవలెనని ఇంగ్రాము తలచెను. 1930లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమునందు జీవరసాయన శాస్త్రజ్ఞుడు జెస్సీ మక్లెండన్ పర్యవేక్షణలో ఒక పరీక్ష జరిగెను. ఖర్చు వైట్ కాసిల్ వారిది. ఒక వైద్యవిద్యార్థి పదుమూడు వారములపాటు వారి బర్గర్లు, మంచినీళ్లు తప్ప మరేమియు ముట్టకూడదు. చివరి దినములలో అతడు దినమునకు ఇరువదికి పైగా బర్గర్లు తినెననియు, ఆరోగ్యముగానే ఉండెననియు ఇంగ్రాము తరువాత చెప్పెను. పిల్లలు సహితము ఈ తిండితోనే చక్కగా ఎదుగగలరని ఒక శాస్త్రజ్ఞుడు వ్రాసియిచ్చిన మాటను సంస్థ బాగుగా వాడుకొనెను. అమ్మకములు పెరిగినవి.

ఈ పరీక్షను నేటి పద్ధతులతో తూచినచో ఏమి చెప్పవలెను? పరీక్షకు లోనైనది ఒక్కడే. పోల్చిచూచుటకు వేరొక ఆహారము తిన్నవారు లేరు. పదుమూడు వారములలో రక్తనాళములలో క్రొవ్వు పేరుకొనుట బయటపడదు. అందుకు సంవత్సరములు పట్టును. ఒక యువకుడు మూడు నెలలు బ్రతికి బాగున్నాడనుటకు, ఒక ఆహారము జీవితాంతము మేలనుటకు చాల దూరము కలదు. ఖర్చు పెట్టినవారికే లాభము కలుగు పరీక్షను జాగ్రత్తగా చదువవలెనను నీతి కూడ ఇందులో ఉన్నది.

అయినను ఈ పరీక్షవలన ఒక మంచిపని జరిగెను. మాంసములో మాంసకృత్తులు ఉన్నను, ఎముకలకు కావలసిన కాల్షియము బహుస్వల్పము. ఆ లోపమును తీర్చుటకు రొట్టెపిండిలో కాల్షియము పాలు సవరింపబడెను. కొనువారికి రుచిలో భేదము తెలియలేదు. బర్గరును ఆరోగ్యకరము చేయుటకు జరిగిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి. ఇది మాంసములో కాక రొట్టెలో జరిగినదని గుర్తుంచుకొనవలెను.

పిండిలో దాగిన మార్పు

గోధుమగింజ పైపొరను, మొలకభాగమును తీసివేసినచో పిండి తెల్లబడును. కాని బి విటమిన్లు, ఇనుము, పీచు చాలవరకు తవుడుతోపాటు పోవును. బియ్యమును మిక్కిలి తెల్లగా పట్టించినప్పుడు జరుగునదియు ఇదియే. అమెరికా ప్రభుత్వము 1941లో తెల్లపిండికి థయామిన్, నియాసిన్, ఇనుము మొదలైనవి చేర్చుటకు ప్రమాణములు ఏర్పరచెను. 1943లో యుద్ధకాలపు ఆజ్ఞవలన తెల్లరొట్టెకు ఇది తప్పనిసరి అయ్యెను.

ఇచ్చట తెలుగువారికి సంబంధించిన ముచ్చట ఒకటి కలదు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ పరిశోధనాలయములో పరిశోధనలకు నాయకుడుగా ఉండెను. ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి, ఆ విషయమును 1945లో ప్రకటించెను. రక్తకణముల పుట్టుకకు ఇది అవసరము. గర్భము ధరించిన తొలివారములలో ఇది చాలకున్నచో శిశువు వెన్నుపాము, మెదడు సరిగా ఏర్పడక పోవచ్చునని తరువాతి పరిశోధనలు నిరూపించెను. అందుచేత 1998నుండి అమెరికాలో పోషకములు చేర్చిన పిండి ప్రతి 100 గ్రాములకు 140 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును కలుపవలెనను నియమము అమలులోనికి వచ్చెను. దీనివలన ఏటేట సుమారు 1,300 మంది శిశువులు అట్టి లోపములు లేక పుట్టుచున్నారని ఆ దేశపు వ్యాధినివారణ కేంద్రముల అంచనా. ఆ పిండితో చేసిన బర్గరు రొట్టెను కొరుకువారిలో ఎంతమందికి సుబ్బారావు పేరు తెలియును?

బిళ్ల పెరిగెను

1948లో కాలిఫోర్నియాలోని సాన్ బెర్నార్డినో పట్టణమున మక్డొనాల్డు సోదరులు తమ వంటశాలను యంత్రశాలవలె మార్చి, పదునైదు సెంట్లకు బర్గరు అమ్మసాగిరి. 1955లో రే క్రాక్ ఈ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేయుటకు పూనుకొనెను. అప్పటి కైమాబిళ్ల పచ్చిగా 45 గ్రాములు. శీతలపానీయము సుమారు 200 మిల్లీలీటర్లు. ఇది ఒక చిన్న ఫలాహారమే.

తరువాతి దశాబ్దములలో పోటీ ధరలోనే కాక పరిమాణములో కూడ సాగెను. రెండు బిళ్లలవి, నూటపదునాలుగు గ్రాముల బిళ్లవి వచ్చినవి. ఆ శతాబ్దము ముగియునప్పటికి కొన్నిచోట్ల బిళ్ల 225 గ్రాములకు చేరెను. దుకాణదారునికి మాంసము, చక్కెరనీరు కొంచెము ఎక్కువ పోయుటవలన పెరుగు ఖర్చు స్వల్పము, రాబడి ఎక్కువ. తినువానికి మాత్రము లెక్క వేరు.

ఆ లెక్క చూతము. ఒక గ్రాము మాంసకృత్తులు 4 కాలరీల శక్తినిచ్చును. ఒక గ్రాము క్రొవ్వు 9 కాలరీలిచ్చును. నూటికి 20 పాళ్లు క్రొవ్వు గల పచ్చి కైమా 100 గ్రాములలో సుమారు 250 కాలరీలు ఉండును. క్రొవ్వు 5 పాళ్లే ఉన్నచో అవి సుమారు 140కి తగ్గును. మాంసకృత్తులు 17 గ్రాములనుండి 21 గ్రాములకు పెరుగును. అమెరికా నిబంధనల ప్రకారము హాంబర్గరు కైమాలో నూటికి 30 పాళ్లవరకు క్రొవ్వు ఉండవచ్చును. కనుక 'బర్గరు' అను పేరొక్కటి విన్నంతనే దాని పోషకవిలువ తెలియదు.

చిన్న సాదా బర్గరులో సుమారు 250 కాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండును. దీనిని తప్పుపట్టవలసినది లేదు. దానికి చీజు, రెండవ బిళ్ల, నూనెలో వేచిన బంగాళాదుంపలు, అరలీటరు కోలా చేరినచో శక్తి వేయి కాలరీలు దాటును. ఆ కోలాలోనే 50 గ్రాములకు మించిన చక్కెర ఉండును. ఉప్పు సంగతియు ఇట్టిదే. పచ్చిమాంసములో సోడియము తక్కువ. రొట్టె, చీజు, ఊరగాయముక్కలు, సాసు కలిసి దానిని పెంచును. చిన్న బర్గరులోనే ఒక గ్రాముకు పైగా ఉప్పు చేరును. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు సూచించిన దినసరి పరిమితి 5 గ్రాములు.

నూనె మారినను తప్పని చిక్కు

బర్గరుకు తోడుగా వచ్చు బంగాళాదుంపలను మొదట పశువుల క్రొవ్వులో వేచెడివారు. సంతృప్త క్రొవ్వు రక్తములో కొలెస్టరాలును పెంచునని తెలిసిన తరువాత వచ్చిన ఆందోళనవలన 1990లో మక్డొనాల్డు సంస్థ పశువుల క్రొవ్వును మాని మొక్కల నూనెకు మారెను. అది జయమని పలువురు తలచిరి. కాని నూనె చెడిపోకుండుటకు దానిలో ఉదజని వాయువును ఎక్కించి గట్టిపరచెడివారు. మన వనస్పతిని చేయు పద్ధతియు ఇదియే. ఇట్లు చేయునప్పుడు ట్రాన్స్ క్రొవ్వులు పుట్టును. అదే 1990లో డచ్చి శాస్త్రజ్ఞులు మెన్సింకు, కాటాను ఈ క్రొవ్వులు చెడ్డ కొలెస్టరాలును పెంచుటయే కాక మంచిదానిని తగ్గించునని ప్రకటించిరి. పెనములోనుండి పొయ్యిలో పడినట్లయ్యెను.

ఈసారి చక్కదిద్దినది చట్టము. 2003లో డెన్మార్కు ట్రాన్స్ క్రొవ్వులకు పరిమితి విధించెను. 2006లో న్యూయార్కు నగరము తన భోజనశాలలలో వాటిని నిషేధింప నిర్ణయించెను. 2015లో అమెరికా ఆహార ఔషధ శాఖ పాక్షికముగా ఉదజనీకరించిన నూనెలు సురక్షితములు కావని తేల్చెను. మన దేశములో 2022 జనవరినుండి నూనెలలోను, వనస్పతులలోను ఇవి నూటికి రెండు పాళ్లు మించరాదను నియమము వచ్చెను.

రెండు భిన్నమైన ప్రయత్నములు

1991లో మక్డొనాల్డు సంస్థ నూటికి తొమ్మిది పాళ్లు మాత్రమే క్రొవ్వు గల బర్గరును తెచ్చెను. క్రొవ్వు తీసిన మాంసము ఎండిపోవును గనుక, సముద్రపు నాచునుండి తీసిన కారజీనను అను జిగురును, నీటిని కలిపిరి. శాస్త్రరీత్యా అది మంచి ఉపాయమే. కాని కొనువారు దాని ప్రక్కనే ఉన్న పాత బర్గరును కోరుకొనిరి. 1996లో దానిని మానివేసిరి.

ఆ మధ్యలోనే, 1993లో, అమెరికా పశ్చిమ రాష్ట్రములలో సరిగా కాలని బర్గర్లు తిని ఏడువందల మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు మరణించిరి. కారణము ఇ. కోలై ఒ157 అను సూక్ష్మజీవి. మాంసఖండమునకు సూక్ష్మజీవులు పైననే అంటుకొని ఉండును. కాల్చినప్పుడు ఆ పైభాగమే ముందుగా వేడెక్కి అవి చచ్చును. కైమా కొట్టినప్పుడో, పైనున్నవి లోపలికి పోవును. పైన గోధుమరంగు వచ్చినను లోపల అవి బ్రతికియుండును. 1906నాటి ప్రజల అనుమానమునకు ఇది శాస్త్రీయమైన వివరణము. 1994లో అమెరికా వ్యవసాయశాఖ ఈ సూక్ష్మజీవి ఉన్న పచ్చి కైమాను కల్తీసరుకుగా ప్రకటించెను. ఇంటిలో వండువారు బిళ్ల నడిభాగము 71 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరువరకు కాల్చవలెనని సూచించెను.

ఈ రెండింటిని పోల్చిచూడుడు. కొవ్వు తగ్గించిన బర్గరు, తినువాడు ప్రతిసారి దానినే ఎన్నుకొనుటపై ఆధారపడెను, అందుచేత ఓడెను. పిండిలోని ఫోలిక్ ఆమ్లము, నూనెపై చట్టము, కాల్చవలసిన వేడి, ఇవి ఎవరి ఎంపికను కోరలేదు. ప్రతి బర్గరునందును మార్పు జరిగెను, రుచి చెడలేదు, అందుచేత నిలిచెను. ఒక్కొక్కరి మనోనిగ్రహముపై భారము వేయుటకంటె, అందరు తిను సరుకునే బాగుచేయుట మేలని ఈ చరిత్ర తెలుపుచున్నది. బిళ్ల పరిమాణమునకు, ఉప్పునకు, చక్కెరనీటికి మాత్రము ఇట్టి కట్టుబాటు ఇంకను గట్టిగా ఏర్పడలేదు. నష్టము నేడు అచ్చటనే ఎక్కువ.

మన దేశమునకు వచ్చిన బర్గరు

1996లో ఢిల్లీలో మక్డొనాల్డు తొలి దుకాణము తెరచినప్పుడు అందులో గోమాంసము లేదు. కోడిమాంసముతోపాటు బంగాళాదుంప టిక్కీ బర్గరులోనికి వచ్చెను. ఈ మార్పు ఆచారమునకు తగినదే. కాని పోషణ విషయములో ఒక తేడా వచ్చినది. సాలిస్‌బరీ పిండిపదార్థములను వెలివేసి మాంసకృత్తులను మాత్రమే ఉంచెను. మన బంగాళాదుంప బర్గరులో పైన మైదా, నడుమ దుంప, క్రింద మైదా. 100 గ్రాముల దుంపలో మాంసకృత్తులు సుమారు 2 గ్రాములే. మాంసము లేదు గనుక ఇది తేలికైన ఆహారమని తలచుట సరికాదు. ఇటీవల వచ్చిన మొక్కల మాంసపు బర్గర్ల విషయములోను ఇట్లే చూడవలెను. 2016లో అమెరికాలో వెలువడిన ఒకదానిలో సోయా వేరుబుడిపెలలోని రక్తవర్ణపు పదార్థమును చేర్చి మాంసపు రుచి తెప్పించిరి; కాని కొబ్బరినూనెవలన సంతృప్త క్రొవ్వు తక్కువేమియు కాలేదు.

దుంపకు బదులు ఉడికించిన శనగలు, బొబ్బర్లు, పెసలు మెదిపి బిళ్ల చేసినచో మాంసకృత్తులు మూడు నాలుగు రెట్లు పెరుగును. పీచు, ఇనుము కూడ చేరును. మన గారెలు, వడలు ఎరిగిన చేతికి ఇది క్రొత్తపని కాదు. నూనెలో ముంచి వేయుటకు బదులు పెనముపై రెండు చెంచాల నూనెతో కాల్చవలెను. నిమ్మరసము, టొమాటో చేర్చినచో వాటిలోని విటమిన్ సి పప్పులలోని ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును. పప్పులలో లేని బి12 కొరకు ప్రక్కన గ్రుడ్డుగాని, పెరుగుగాని, మజ్జిగగాని ఉండవలెను. మాంసము తినువారు క్రొవ్వు తక్కువగల కైమాను ఎన్నుకొని, బిళ్లను చిన్నదిగా చేసి, లోపలివరకు కాల్చవలెను. ఎఱ్ఱమాంసము బహుశః క్యాన్సరుకు కారణము కావచ్చునని 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ హెచ్చరించినందున, దానిని దినదినాహారముగా చేసికొనరాదు. శీతలపానీయమునకు బదులు నీళ్లు త్రాగినచో మిగులు చక్కెర చిన్నది కాదు.

ఇంటిలో చేయదగినది ఇంత. సమాజము చేయవలసినది ఇంకను కలదు. గోధుమపిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 చేర్చుటకు మన దేశములో 2018లో ప్రమాణములు ఏర్పడినవి. ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన బృందమునకు నాయకత్వము వహించినవాడు మన భీమవరమువాడు. దాని ఫలము అమెరికాలోని ప్రతి రొట్టెముక్కకు చేరినది. ఇచ్చటి పేదతల్లి తిను రొట్టెకు కూడ చేరవలెను గదా!